యుకులేలే పాఠం: ముందుగా బొటనవ్రేలు



యుకులేలే నాలుగు తీగలనూ ఒక్క ఊపున మీటుతూ వాయించడం త్వరగానే పట్టుబడుతుంది. అయితే సండేస్కూలులో సన్నని గొంతుతో పాడే పాప ప్రక్కన అలాగే వాయిస్తే, పాటలోని మాటలు వినబడవు. పాటకు తోడుగా వచ్చిన వాద్యం పాటను మ్రింగివేయకూడదు గదా! అందుకే ఒక్కొక్క తీగను విడిగా మీటడం నేర్చుకోవాలి. దీనినే పికింగ్ అంటారు.

1879లో మదీరా దీవి నుండి హవాయికి చెరకు తోటల పనికై వలస వెళ్లిన పోర్చుగీసు వారి చిన్న వాద్యం నుండి యుకులేలే రూపొందింది. గిటారులో మన ముఖానికి దగ్గరగా ఉండే తీగ అన్నిటికంటె మంద్రంగా పలుకుతుంది. యుకులేలేలో మామూలు శ్రుతి ప్రకారం అలా కాదు. ముఖం వైపునున్న నాల్గవ తీగ నుండి వరుసగా జి, సి, ఇ, ఎ. వీటిలో మంద్రమైనది మూడవదైన సి తీగ.

కుడిచేతి బొటనవ్రేలికి 4, 3 తీగలు, చూపుడు వ్రేలికి 2వ తీగ, మధ్యవ్రేలికి 1వ తీగ అప్పగించండి. బొటనవ్రేలు క్రిందికి మీటాలి. మిగిలిన రెండు వ్రేళ్లు అరచేతి వైపుకు మీటాలి. వ్రేళ్లే కదలాలి గాని చెయ్యి ఎగరకూడదు.

మొదట ఎడమచేతితో ఏ తీగనూ నొక్కకుండా 4-3-2-1 వరుసలో మీటండి. గోడగడియారం సెకను సెకనుకు ఒక్క తీగ చొప్పున మీటితే చాలు. నాలుగు తీగలూ ఒకే బలంతో పలికేవరకు వేగం పెంచవద్దు.

తరువాత 1వ తీగను మూడవ మెట్టు వద్ద ఉంగరపు వ్రేలితో నొక్కితే సి కార్డు వస్తుంది. దానిని వదలి, 4వ తీగను రెండవ మెట్టు వద్ద మధ్యవ్రేలితో నొక్కితే ఎ మైనర్. ఆ వ్రేలిని అలాగే ఉంచి, 2వ తీగను మొదటి మెట్టు వద్ద చూపుడు వ్రేలితో నొక్కితే ఎఫ్. ఎడమచెయ్యి కార్డు మారుస్తున్నా కుడిచేతి లెక్క ఆగకూడదు. మూడు లెక్కల పాటకైతే 3-2-1 మీటండి. మొదటి లెక్క మంద్ర తీగపై పడి నిండుగా ఉంటుంది.

రోజుకు పది నిమిషాలు చాలు. వారం తరువాత ఇంట్లో ఒకరిని పాడమని, మరొకరిని గుమ్మం దగ్గర నిలబడమనండి. అక్కడికి ప్రతి మాటా స్పష్టంగా వినబడితే మీ పాఠం వచ్చినట్టే.