కంపతో చేప చేరుతుంది, పెరగదు

చెరువులో ఎండు కంప ముంచితే చేపలు చేరతాయన్న మాట నిజమే. మునిగిన కొమ్మలకు నాచు పట్టి, పురుగు చేరుతుంది. మేతకు, నీడకు చేప అక్కడికి వస్తుంది. దొంగ వలలకూ కంప అడ్డే.

కాని చేరడం వేరు, పెరగడం వేరు. బంగారుతీగ గుడ్లు కొమ్మలకు అంటుకొని పిల్లలవుతాయి. బొచ్చె, రవ్వ మాత్రం నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. ఏటా పిల్లలను వదలవలసిందే. పైగా కొర్రమీను ఆ కంపలోనే పొంచి చేపపిల్లలను మింగుతుంది.

తెలంగాణ చెరువులకు ప్రభుత్వ ఉచిత చేపపిల్లల పంపిణీ 2016లో మొదలైంది. కంప చుట్టూ సన్నకన్ను వల తిప్పి ఆ పిల్లలనే ఎత్తివేస్తే ఏడాది పంట పోయినట్టే. కంప ఎక్కడ వేయాలో, వల ఎప్పుడు దించాలో మత్స్య సహకార సంఘాలు ముందే తీర్మానించుకోవడం అవసరం.