లావుగా ఉన్నా సరే, పరీక్ష చేయించండి

సీలియాక్ జబ్బు అనగానే డాక్టర్లకైనా కళ్లముందు మెదిలేది పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్న బిడ్డే. అందుకే బొద్దుగా ఉన్న బడిపిల్లల్లో ఇది ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోతుంది. ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆ పిల్లల గురించే. గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ పడక, ఒంటి రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఐరన్ సిరప్ ఎన్ని సీసాలు తాగించినా రక్తం పట్టని పిల్లకి, ఈడువాళ్లకంటే పొట్టిగా ఉండిపోయిన పిల్లవాడికి, లావుగా ఉన్నా సరే, టీటీజీ రక్తపరీక్ష చేయించాలి. అంతకుముందే గోధుమ మాన్పిస్తే జబ్బున్నా పరీక్షలో కనిపించకపోవచ్చు.

ఉత్తరాదితో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు చాలా తక్కువ. అలాగని లేకపోలేదు.

వైద్యం, అంటే గ్లూటెన్ ఉన్నవన్నీ మాన్పించడం, మొదలయ్యాక ఇంకో చిక్కు. పేగు కోలుకుని తిన్నది ఒంటబడుతుంది. అప్పుడు గ్లూటెన్ లేని ప్యాకెట్ బిస్కెట్లూ కేకులూ పెడితే బరువు ఇంకా పెరుగుతుంది. వాటిలో చాలావరకు చక్కెర, కొవ్వు ఎక్కువ, పీచు తక్కువ. జొన్నరొట్టె, రాగిసంకటి, ఇడ్లీ, పెసరట్టు మన వంటింట్లోనే ఉండగా ఆ ప్యాకెట్లెందుకని నా బాధ. బొంబాయి రవ్వ మాత్రం గోధుమదే. పులిహోరలో వేసే ఇంగువ డబ్బా మీది చిన్న అక్షరాలు కూడా చదవండి. చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు.