గట్ల మీద గడ్డి, బస్తాలో నత్రజని

ధవళేశ్వరం దిగువన కాలువల కింది ఊళ్లలో వరి కోత యంత్రాలు వచ్చాక ఎండుగడ్డి దక్కడం తగ్గింది. పాడి రైతు సూపర్ నేపియర్ వైపు, గట్ల మీది పారా గడ్డి వైపు చూస్తున్నాడు. మంచిదే. కోత తర్వాత యూరియా వేస్తే పిలకలు తొందరగా లేస్తాయి, ఆకులో మాంసకృత్తులు పెరుగుతాయి. 45 కిలోల బస్తాలో 46 శాతం, అంటే సుమారు 21 కిలోల నత్రజని ఉంటుంది. నిలిచిన నీటిలో చల్లితే అందులో చాలా భాగం గాలిపాలే. నీరు తీసి పదునులో వేయాలి.

అసలు భయం మోతాదు మించినప్పుడు. మబ్బు పట్టిన రోజుల్లో, వేసవిలో కాలువలు కట్టేశాక వచ్చే నీటి ఎద్దడిలో, మొక్క పీల్చిన నైట్రేట్ మాంసకృత్తుగా మారక కాండం అడుగున పేరుకుంటుంది. గేదె పొట్టలో అది నైట్రైట్ అవుతుంది. రక్తం గోధుమరంగుకు తిరిగి ప్రాణవాయువును మోయలేదు. పశువు గంటల్లో కూలిపోవచ్చు. యూరియా వేశాక కనీసం మూడు వారాలు ఆగి కోయాలన్న మాట ప్రతి పాలకేంద్రం గోడ మీదా రాయించాలి.

యూరియా మీద అంతగా ఆధారపడని మేతా ఉంది. వరి కోతకు ముందు చల్లే పిల్లిపెసర గాలిలోని నత్రజనిని తానే తెచ్చుకుంటుంది. డెల్టా రైతుకు అది కొత్త పంట కాదు. పశుసంవర్ధక శాఖ రాయితీ విత్తనాల్లో దానికి ముందు చోటు ఇవ్వాలి. నేపియర్ మధ్య అదే కోవకు చెందిన అలసంద వేసి చూపించే మడి మండలానికొకటైనా కావాలి.