కడలి ఆవుకు దారి

ఏటా నవంబరు 15వ తేదీ రాగానే అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో పలు నదులలోను, ఉప్పుకయ్యలలోను నాటిన పలకల మీది ఆంక్ష అమలులోకి వస్తుంది. అది మొదలు మార్చి 31 వరకు ఆ హద్దులలో మోటారు పడవ పరుగెత్తరాదు. ముక్కు పైకెత్తక, వెనుక అల లేపక, నీటిలో పూర్తిగా కుదురుకొని మెల్లగా సాగవలె. కొన్ని తావులలో ఈ నియమం సంవత్సరం పొడుగునా ఉన్నది. మరి కొన్నింట పడవకు ప్రవేశమే లేదు. ఈ కట్టుబాట్లు మానటీ అనే జంతువు కొరకు ఏర్పడినవి. నీటి అడుగున గడ్డి మేసి బ్రతికే ఈ ప్రాణిని సముద్రపు ఆవు అని కూడ అంటారు. పది లక్షలకు పైగా పడవలు నమోదయి ఉన్న రాష్ట్రంలో, పదివేలకు అటూ ఇటూగా మిగిలి ఉన్న ఒక మూగజీవం కొరకు ఇంత ఏర్పాటు అవసరమా అన్న ప్రశ్న అక్కడ నలభై ఏళ్ళకు పైగా నలుగుతూనే ఉన్నది. వాదప్రతివాదాలను కొంచెం సేపు ప్రక్కకు పెట్టి, ఆ జంతువు శరీరాన్ని, పడవ వేగాన్ని పరిశీలిస్తే సమాధానం దొరకకపోదు.

మానటీ చేప కాదు. బిడ్డకు పాలిచ్చే జంతువు. నేల మీది ప్రాణులలో దీనికి దగ్గరి చుట్టం ఏనుగు. పెరిగినది మూడు మీటర్ల పొడవు, నాలుగైదు వందల కిలోల బరువు ఉంటుంది. 1493 జనవరిలో కొలంబస్ హిస్పానియోలా ద్వీపం దాపున మూడు సముద్రకన్యలు నీటి పైకి లేవగా చూచినట్లు, అవి చిత్రకారులు వ్రాసినంత అందంగా లేనట్లు తన దినచర్యలో నమోదయింది. ఆయన చూచినవి మానటీలే అని పండితుల అభిప్రాయం. అందం మాట ఎలా ఉన్నా, నడకలో ఇది ఏనుగు చుట్టమే. గంటకు ఐదు మొదలు ఎనిమిది కిలోమీటర్లు దీని సహజగమనం. ప్రాణభయం కలిగినప్పుడు కొద్ది క్షణాలు వడిగా ఈదగలదు. ఆ వడి నిలువదు. మన కావ్యాలలో నాయిక గజగమన, మందయాన. నెమ్మది అక్కడ నింద కాదు, ప్రశంస. యంత్రం వచ్చిన తరువాతనే మెల్లగా నడిచేవాడు దారికి అడ్డుగా కనిపించసాగినాడు.

గడ్డి మేసే ప్రాణి గనుక మానటీ వెలుతురు సోకే లోతులేని నీటిలోనే ఉండక తప్పదు. ఊపిరితిత్తులు ఉన్న ప్రాణి గనుక మూడు నాలుగు నిమిషాలకు ఒకసారి పైకి రాక తప్పదు. పైకి వచ్చినప్పుడు కూడ కనిపించేది రెండు ముక్కుపుటాలే. విహారానికి వచ్చిన పడవ తిరిగేది కూడ ఆ నీటి మీదనే. పోనీ, పడవ మ్రోత విని తప్పుకోరాదా అంటే, విన్న మానటీ తరచు లోతైన నీటివైపు మళ్ళుతుంది. లోతైన నీరంటే పడవల కాలువ. తప్పించుకోబోయి ఎదురుగానే వచ్చి పడడం ఇందువల్ల జరుగుతున్నది. లక్షల సంవత్సరాలుగా దాని జాతికి లోతే శరణ్యమయింది. ఆ స్వభావాన్ని మార్చుకొనడానికి ఒక శతాబ్దం చాలదు.

పాఠశాలలో నల్లబల్ల మీద వేసి చూపదగిన లెక్క ఒకటి ఇక్కడ ఉన్నది. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోయే పడవ సెకండుకు 13 మీటర్లకు పైగా సాగుతుంది. నలభై మీటర్ల దూరంలో మానటీ ముక్కు కనిపించిందనుకొందాము. మూడు సెకండ్లలో పడవ దాని మీద ఉంటుంది. చూచినవాడు అది కొయ్యముక్కయా, జంతువా అని తేల్చుకొనే లోపల అంతా అయిపోతుంది. అదే పడవ గంటకు 8 కిలోమీటర్ల చొప్పున పోతున్నట్లయితే పద్దెనిమిది సెకండ్ల వ్యవధి దొరుకుతుంది. చుక్కాని తిప్పడానికి, యంత్రం ఆపడానికి అది చాలు. జంతువు మునిగి తొలగడానికి కూడ చాలు. అప్పటికీ తగిలిందనుకొన్నా, తాకిడి శక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరించి ఉంటుంది. వేగం ఆరవ వంతుకు తగ్గితే శక్తి ముప్పది ఆరవ వంతుకు తగ్గుతుంది. మరణం అయ్యే దెబ్బ ఒక గాయంతో పోవచ్చు. వేగపరిమితి అన్న నియమానికి మూలం ఈ చిన్న లెక్కయే.

పడవ అడుగున తిరిగే రెక్కలే వీటిని చంపుతున్నవని చాలమంది అనుకొంటారు. వీపు మీద వరుసగా పడిన గాట్లను చూస్తే అలాగే తోస్తుంది. కాని చనిపోయిన వాటిని కోసి పరీక్షించగా, రెక్కల కోతకన్న పడవ అడుగు కొట్టిన దెబ్బకు పోయినవే ఎక్కువ అని తేలింది. మానటీ ప్రక్కటెముకలు లోపల గుల్లలేక రాతివలె బరువైనవి. నీటిలో మునిగి ఉండడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. గట్టి దెబ్బ తగిలితే ఆ ఎముకలు విరిగి ఊపిరితిత్తులలో గుచ్చుకొంటవి. అందువల్ల రెక్కల చుట్టూ తీగబుట్ట బిగించినంత మాత్రాన సమస్య తీరదు. 2007 మొదలు 2016 వరకు చనిపోయి దొరికిన పెద్ద మానటీలను పరీక్షించినప్పుడు పడవ గాయపు మచ్చ లేనివి నూటికి నాలుగే. నాలుగింట ఒకదానికి పదిసార్లు, అంతకు మించి దెబ్బలు తగిలిన గుర్తులు ఉన్నవి. పడవ దెబ్బకు చనిపోయినవిగా నమోదవుతున్నవి ఇటీవల ఏటా నూరుకు అటూ ఇటూగా ఉన్నవి. 2019లో ఆ లెక్క 130 దాటింది. ఒక్కొక్క తల్లి రెండు మొదలు ఐదేళ్ళకు ఒక్క పిల్లను కనే జాతిలో ఇది చిన్న నష్టం కాదు. పిల్ల ఏడాది, రెండేళ్ళు తల్లి వెంటనే తిరుగుతుంది. తల్లి పోతే తరచు రెండు ప్రాణాలూ పోయినట్లే.

వేగపరిమితికి ఎదురు చెప్పేవారందరూ కఠినహృదయులని అనడం న్యాయం కాదు. చేపల వేట చూపి పొట్ట పోసుకొనేవాడికి ఒక గంట ఆలస్యం ఒక గంట కూలి. ఒడ్డున ఇల్లు కట్టుకొన్నవాడికి తన గుమ్మం ముందరి నీటిలో పలక పాతడం అధికారపు దౌర్జన్యంగా తోస్తుంది. ఇంకొక వాదం శాస్త్రానికి సంబంధించినది. మానటీ హెచ్చు స్వరాన్ని బాగా వింటుంది, తగ్గు స్వరాన్ని అంతగా వినదు. మెల్లగా పోయే పడవ మ్రోత తగ్గు స్వరమే. కాబట్టి పడవను మెల్లగా నడిపించడం జంతువును మోసగించడమే అవుతుందని కొందరు పరిశోధకులు అన్నారు. పడవ ముందు హెచ్చు స్వరం పలికే పరికరం అమర్చవలెనన్నారు. ఆలోచింపదగిన మాటయే. కాని ఈ వాదం తప్పుకొనే భారాన్ని తిరిగి జంతువు మీదనే పెడుతున్నది. మెల్లగా పోవడంలో ప్రయోజనం జంతువు వినడంలో కన్న, మనిషి చూడడంలోను, ఆగడంలోను ఎక్కువగా ఉన్నది. రెండింటిలో ఎవరు నేర్చుకోగలరో వారే నేర్చుకోవలె.

నేర్పే ప్రయత్నం అక్కడ జరుగుతున్నది. 1893లోనే మానటీ వేటను నిషేధించిన ఆ రాష్ట్రం, 1978లో ప్రత్యేకమైన చట్టం చేసి తన జలాలన్నింటిని దానికి ఆశ్రయంగా ప్రకటించింది. 1989లో పదమూడు జిల్లాలలో పడవల వేగానికి కట్టడి విధించే పని మొదలయింది. 1988 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు పది అశ్వశక్తికి తక్కువ కాని యంత్రమున్న పడవను నడపవలెనంటే భద్రతా శిక్షణ పొందిన పత్రం చూపవలసి ఉన్నది. ఉపాధ్యాయులు గమనింపదగిన సంగతి ఇది: పెద్దల అలవాటును మార్చడం కష్టమని గ్రహించి, చట్టం పిల్లల తరం నుండి ఆరంభించింది.

ఆ శిక్షణలో చెప్పే సంగతులు సరంగులకు వింతగా తోచవు. నీటిని చదవడం వారికి పుట్టుకతో వచ్చిన విద్య. గడ్డి ఉన్న లోతులేని నీటిని విడిచి కాలువలోనే పోవడం. నీటి మీది తళుకును అణచే కళ్ళద్దాలు పెట్టుకొనడం. ఒకరు నడుపుతుంటే మరొకరు ముందు చూడడం. మానటీ తోక ఆడించినప్పుడు నీటిపైన నునుపైన గుండ్రని మడుగులు వరుసగా తేలుతవి. వాటిని దాని అడుగుజాడలంటారు. అడుగులు లేని జంతువుకు ఈ పేరు పెట్టినవాడెవరో కాని, రసికుడే. ఆ మడుగులు కనిపించగానే యంత్రం ఆపి వేచి ఉండవలె. ఒకటి కనిపించిన చోట రెండవది ఉండకపోదని, అది పిల్ల కావచ్చునని తలచవలె.

పడవలను అదుపులో పెట్టినంత మాత్రాన మానటీ గట్టెక్కినట్లు కాదు. సంఖ్య పెరిగిందని 2017లో కేంద్రప్రభుత్వం దానిని అంతరించనున్న జాతుల పట్టిక నుండి తీసి, ముప్పు పొంచి ఉన్న జాతులలో చేర్చింది. నాలుగేళ్ళకే, 2021లో, ఒక్క ఫ్లారిడాలో 1,100 మానటీలు చనిపోయినవి. అందులో చాలవరకు ఇండియన్ రివర్ అనే ఉప్పుకయ్యలో ఆకలికి చచ్చినవి. మురుగునీరు, పొలాల ఎరువులు చేరి నాచు కమ్మి, వెలుతురు సోకక గడ్డి నశించింది. ఆ చలికాలంలోను, తరువాతి చలికాలంలోను మనుషులు టన్నులకొద్ది ఆకుకూర నీటిలో వేసి మేపవలసి వచ్చింది. దీనిని చూపి, పడవలవాళ్ళనే ఎందుకు నిందిస్తారని కొందరు అడుగుతున్నారు. ఆకలితో నీరసించిన జంతువు పడవ ముందునుండి మరింత మెల్లగా తొలగుతుంది అన్న సంగతిని వారు మరచినారు.

ఈ కుటుంబంలో ఒక జాతి ఇదివరకే నశించింది. 1741లో బేరింగ్ నౌకాయాత్రలో పాల్గొన్న స్టెల్లర్ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఉత్తర పసిఫిక్ సముద్రంలో ఎనిమిది మీటర్ల పొడవు గల సముద్రపు ఆవును వర్ణించినాడు. అదీ మెల్లని ప్రాణియే. మాంసం కొరకు వేటగాళ్ళు దానిని 1768 నాటికి తుదముట్టించినారు. శాస్త్రజ్ఞుని కంటబడిన ఇరవై ఏడేళ్ళకు లోకంలో లేకుండ పోయింది. మన దేశంలో దీని జ్ఞాతి డుగాంగ్. తమిళులు దానిని కడల్ పసు అంటారు. దాని కొరకు తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరులో పాక్ జలసంధి ప్రాంతంలో 448 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రదేశాన్ని ప్రకటించింది. అక్కడ పడవకన్న వల పెద్ద గండం. వలలో చిక్కిన డుగాంగ్‌ను ప్రాణంతో విడిచిన జాలరులకు ఆ ప్రభుత్వం పారితోషికం ఇచ్చి గౌరవిస్తున్నది.

ఫ్లారిడాలో బ్లూ స్ప్రింగ్ అనే నీటిబుగ్గ ఉన్నది. చలికాలంలో నది చల్లబడినప్పుడు మానటీలు ఆ వెచ్చని ఊటను వెదకికొని వస్తవి. నీరు ఇరవై డిగ్రీలకు తగ్గితే వాటికి ప్రాణాపాయం. ఈ ఊట ఎప్పుడూ ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఉంటుంది. అవి అక్కడ ఉన్నన్నాళ్ళు ఆ కాలువలోకి పడవలను రానివ్వరు. 1970 ప్రాంతంలో బహు కొద్ది మాత్రమే వచ్చే ఆ చోటికి ఇటీవల ఒక్కొక్క చలి ఉదయాన ఏడువందలకు మించి వస్తున్నవి. ఉద్యానవనం వారు చిన్న తెడ్డుపడవలో మెల్లగా పోతూ, బడిలో హాజరు పిలిచినట్లు, వాటిని ఒక్కొక్కదానినే గుర్తుపట్టి లెక్క వ్రాసుకొంటారు. గుర్తుపట్టడానికి ఆధారం వీపుల మీద, తోకల మీద ఉన్న పడవ గాట్లే. ఏ గాటు ఎక్కడ ఉన్నదో బొమ్మ గీసి పెట్టుకొంటారు. క్రొత్త గాటుతో వచ్చినదాని బొమ్మను దిద్దుకొంటారు.