సీటు దొరికితే సరిపోదు

మన పిల్లకు యూనివర్సిటీలో సీటొచ్చిందంటే వాడంతా సంబరపడతాం. మరి లోపలికి పోయినంక ఆ బిడ్డ గతేంది?

తరగతిలో వందమంది ఉంటే, వెనక బెంచీల మనోడు పాఠం అందక జారిపోయినా సారుకు తెలియదు. బడిలో పాఠం చెప్పే మాకు ఆ సంగతి ఎరుకే. అయితే తప్పంతా సంఖ్యదే అంటే ఒప్పుకోం. పీహెచ్‌డీ విద్యార్థికి గైడు ఒక్కడే. ఆ ఒక్కడూ తలుపు తీయకపోతే?

ఢిల్లీ ఎయిమ్స్‌లో కులవివక్షపై 2007లో థోరట్ కమిటీ రిపోర్టు ఇచ్చింది. అధ్యాపకుల తోడ్పాటు సరిగా లేదని దళిత, ఆదివాసీ విద్యార్థులు ఆ కమిటీకి చెప్పుకున్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు అంబేడ్కర్ సంఘం విద్యార్థులు క్యాంపస్‌లోనే ‘వెలివాడ’ కట్టుకున్నారు. వాళ్లలో రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఊరవతలి వెలివాడ యూనివర్సిటీ దాకా నడిచొచ్చింది!

తరగతులు చిన్నవి కావాలి. ఇంగ్లీషుకు, అందని పాఠాలకు విడిగా క్లాసులు పెట్టాలి. స్కాలర్‌షిప్పు వేళకు చేతికి రావాలి. ఇది దయ కాదు, హక్కు.

అన్నలారా, అక్కలారా! పిల్లల్ని పంపి చేతులు దులుపుకోవద్దు. సంఘం తరఫున నెలకొక్కసారన్నా పోయి అడుగుదాం: “పాఠం అర్థమైతుందా బిడ్డా? నీ పక్కన ఎవరు కూచుంటున్నారు?”