చెవిలో తైలం పోసే ముందు

మా లాబ్రడార్ తల విదిలించడం ఏడాదంతా ఉండేదే. వానలొస్తే మరీ ఎక్కువ. చెవులు టపటపమని కొట్టుకునే ఆ చప్పుడుకు అర్ధరాత్రి మెలకువ వచ్చేది. తర్వాత కాలితో గోక్కోవడం, ఆపైన పులిసిన పిండి లాంటి వాసన. పార్కులో కలిసే ఒక పెద్దాయన చూసి, "డాక్టరెందుకండీ, టీట్రీ ఆయిల్ రెండు చుక్కలు వేయండి. చెట్టు నుంచి తీసిందేగా, హాని ఉండదు" అన్నారు.

సీసా కొన్నాను. మూత తీయగానే కుక్క మంచం కిందికి దూరింది. దానికున్న వివేకం నాకు లేకపోయింది!

మన బజారులో 'సహజం' అనే మాటకు ఒకప్పటి 'స్వదేశీ'కి ఉన్నంత గౌరవం ఉంది. ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. (ఈ చెట్టు సొంతూరు ఆస్ట్రేలియా అన్నది వేరే సంగతి.) అమెరికాలోని ఒక జంతు విషచికిత్సా సమాచార కేంద్రానికి 2002-2012 మధ్య, కలపని టీట్రీ తైలం వల్ల వచ్చిన కేసులు 443. అందులో కుక్కలవి 337. 2014లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. ఎక్కువ కేసుల్లో తైలాన్ని పొరపాటున ఒలకబోసుకోలేదు, వైద్యమనుకుని యజమానులే వాడారు. కొన్ని గంటల్లోనే చొంగ కారడం, నీరసం, వణుకు, కాళ్లు తడబడటం కనిపించాయి. కొన్నిటికి ఆ బాధ మూడు రోజుల దాకా ఉంది.

అలాగని ఈ తైలాలకు శక్తి లేదనలేం. కుక్క చెవిని తరచూ పట్టే మలసీజియా అనే ఈస్ట్‌నూ, కొన్ని బ్యాక్టీరియానూ అవి చంపగలవు. 2017లో ఇటలీలోని పీసా పరిశోధకులు చెవి జబ్బున్న కుక్కలు, పిల్లుల నుంచి తీసిన సూక్ష్మజీవులపై లావెండర్, రోజ్‌మేరీ, ఒరెగానో వంటి తైలాలను పరీక్షిస్తే ఒరెగానో బాగా పనిచేసింది. యాంటీబయాటిక్‌లకు లొంగని స్టెఫిలోకోకస్ కుక్కల్లోనూ కనిపిస్తున్న రోజుల్లో ఈ వెతుకులాట అవసరమే. కాకపోతే ఆ పరీక్ష జరిగింది ప్రయోగశాలలో. అక్కడి గాజు పళ్లేనికి నొప్పి ఉండదు, కర్ణభేరి ఉండదు.

కుక్క చెవి నాళం మనకున్నట్టు దాదాపు తిన్నగా ఉండదు. కిందికి దిగి, మలుపు తిరిగి లోపలికి పోతుంది. తడి, గులిమి అక్కడే చిక్కుకుంటాయి. పైనుంచి చూస్తే లోపలి సంగతి తెలియదు. కర్ణభేరికి చిల్లి పడి ఉంటే పోసినదల్లా మధ్యచెవిలోకి దిగుతుంది. డాక్టర్లు వాడే మందుల్లోనే కొన్ని అక్కడికి చేరితే వినికిడినీ, నిలకడనూ దెబ్బతీస్తాయి. ఇక ఘాటైన తైలం గురించి చెప్పాలా?

చాలామంది వేపనూనెనూ వీటితో కలిపేస్తారు. అది గింజను పిండితే వచ్చే నూనె. టీట్రీ, నీలగిరి, లావెండర్ తైలాలు ఆవిరితో బట్టీ పట్టి తీసేవి. బోలెడంత ఆకు సారం ఒక చిన్న సీసాలోకి చేరుతుంది. రెండు చుక్కలే కదా అనుకోవడానికి వీల్లేదు.

చివరికి డాక్టరు దగ్గరికే వెళ్లాం. ఆయన చెవిలో దీపం పెట్టి చూశారు, దూదిపుల్లతో తీసిన గులిమిని మైక్రోస్కోపు కింద పెట్టారు. ఎడమ కర్ణభేరికి చిల్లి ఉంది. ఆ సీసా గుర్తొచ్చి నా చేతులు చల్లబడ్డాయి. లోపలున్నది ఈస్టే గానీ, అది అతిథి మాత్రమేనట. దాన్ని పిలిచింది అలర్జీ. మందుతో పాటు ఎనిమిది వారాలు పథ్యం పెట్టించారు. తర్వాత పాత తిండి మళ్లీ మొదలుపెట్టి చూస్తే, కోడిమాంసం తిన్న వారంలోనే గోకుడు తిరిగొచ్చింది.

మొన్న పార్కులో ఆ పెద్దాయన ఎదురై, నూనె పనిచేసిందా అని అడిగారు. వేయలేదన్నాను.

"మరి దేంతో తగ్గింది?"

కోడికూర మానేస్తే తగ్గిందన్నాను. ఆయన నమ్మలేదు.