ఖాతాలో లేని డబ్బుకు జరిమానా!

చిల్కూరు బాలాజీ గుడిలో హుండీ ఉండదు. గండిపేట చెరువు పక్కనున్న ఆ ఊరికి జనం కోరికతో వస్తారు, ప్రదక్షిణలు చేసి వెళ్తారు. కోరుకునేటప్పుడు 11, కోరిక తీరాక 108. ఆ కోరికల్లో అమెరికా వీసా ఎంత ముఖ్యమైపోయిందంటే దేవుడికే ‘వీసా బాలాజీ’ అని పేరొచ్చింది. కూతురి వెనకాలే ప్రదక్షిణలు చేసే తల్లుల్ని అక్కడ చాలామందిని చూశాను. కన్సల్టెన్సీకి ఎంత, యూనివర్సిటీకి ఎంత, విమానం టికెట్టుకి ఎంత, లోను మీద వడ్డీ ఎంత... అన్నీ వేళ్ల మీద చెబుతారు. అమ్మాయి అక్కడ దిగాక నెత్తిన పడే ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు సంగతి మాత్రం ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

ఆ ఫీజు గురించీ, దానికి మన దగ్గరున్న చెల్లెలు ‘మినిమమ్ బ్యాలెన్స్’ జరిమానా గురించీ ఈ వారం మాట్లాడుకుందాం. 2025లో ఈ రెండింటి విషయంలోనూ మార్పులొచ్చాయి. అమెరికా ఒక దారి పట్టింది, మన ప్రభుత్వ బ్యాంకులు ఇంకో దారి పట్టాయి.

కాఫీ 5 డాలర్లు, ఫీజు 35

అమెరికాలో రోజువారీ ఖర్చులకు వాడే ఖాతాను చెకింగ్ అకౌంట్ అంటారు. జీతం అందులోనే పడుతుంది, డెబిట్ కార్డు దానికే ఉంటుంది. వడ్డీ ఉండదు, ఉన్నా నామమాత్రం. మన దగ్గర ఖాతాలో డబ్బు లేకపోతే దుకాణంలో కార్డు పనిచేయదు. కాస్త చిన్నతనంగా ఉంటుంది. అక్కడ పనిచేయొచ్చు! తక్కువైన డబ్బు బ్యాంకే కట్టి, ఆ సాయానికి ఫీజు పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి చాలా పెద్ద బ్యాంకుల్లో ఈ ఫీజు 35 డాలర్ల దాకా ఉండేది. మన లెక్కన సుమారు మూడు వేల రూపాయలు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఖాతాలో 20 డాలర్లున్నాయి. అమ్మాయి 30 డాలర్ల సరుకులు కొంది. తర్వాత బస్సుకి 10, కాఫీకి 5 ఖర్చయ్యాయి. నిజానికి తక్కువైంది 25 డాలర్లే. కానీ మూడుసార్లూ విడివిడిగా 35 చొప్పున పడితే ఫీజే 105 డాలర్లవుతుంది! జీతం పడగానే బ్యాంకు ముందు తన బాకీ మినహాయించుకుంటుంది. దాంతో అద్దెకు మళ్లీ కొరత.

క్లాసులు జరిగే రోజుల్లో విద్యార్థులు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. జీతం సాధారణంగా రెండు వారాలకోసారి వస్తుంది. అద్దె మాత్రం ఒకటో తారీఖుకే కట్టాలి. ఈ తేదీల మధ్య సందులోనే ఫీజు పుడుతుంది. బాకీ తీర్చకుండా వదిలేస్తే ఖాతా మూసేసి, ఆ సంగతి మిగతా బ్యాంకులు కూడా చూసే జాబితాకెక్కిస్తారు. ఆ తర్వాత ఇంకో బ్యాంకులో ఖాతా దొరకడం కష్టమే.

‘వద్దు’ అనడం నేర్పండి

2010 నుంచి అక్కడొక నిబంధన ఉంది. ఖాతాదారు ముందుగా ఒప్పుకుంటే తప్ప ఏటీఎంలో తీసే డబ్బుకూ, డెబిట్ కార్డుతో చేసే మామూలు కొనుగోళ్లకూ ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు వేయకూడదు. అందుకే ఖాతా తెరిచేటప్పుడు ‘ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజీ కావాలా?’ అని అడుగుతారు. వినడానికి బీమాలా ఉంటుంది కదా! కొత్త దేశం, కొత్త భాష, మొహమాటం... మన పిల్లలు ‘సరే’ అనేస్తారు. ‘వద్దు’ అనొచ్చు. ముందు ఒప్పుకున్నా తర్వాత ఎప్పుడైనా మానుకోవచ్చు. అయితే చెక్కులకూ, నెలనెలా దానంతటదే పోయే బిల్లులకూ ఈ రక్షణ లేదని గుర్తుంచుకోవాలి.

ఈ ఫీజుకు పగ్గం వేయాలని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 డిసెంబరులో పెద్ద బ్యాంకులకు 5 డాలర్ల పరిమితి పెడుతూ నిబంధన తెచ్చింది. అది అమల్లోకి రాకముందే 2025 మేలో కాంగ్రెస్ తీర్మానంతో రద్దయిపోయింది. అంటే ఇప్పుడు జాగ్రత్త పడాల్సింది ఖాతాదారే. కొన్ని బ్యాంకులు తమంతట తామే మారాయి. క్యాపిటల్ వన్, సిటీ బ్యాంకులు 2022లో ఈ ఫీజు ఎత్తేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా అదే ఏడాది 35 నుంచి 10 డాలర్లకు తగ్గించింది. ‘బ్యాంక్ ఆన్’ గుర్తింపున్న ఖాతాల్లో అసలు ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజే ఉండదు. సీనియర్లు ఏ బ్యాంకంటే ఆ బ్యాంకుకు వెళ్లకుండా, ఈ ఒక్క మాట అడిగి ఖాతా తెరవమనండి. బ్యాలెన్స్ తగ్గగానే ఫోనుకు మెసేజ్ వచ్చేలా పెట్టుకోమనండి.

మరి అమ్మ ఖాతా మాటేమిటి?

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మొయినాబాద్‌లోనో, చేవెళ్లలోనో ఉన్న అమ్మ సేవింగ్స్ ఖాతాకూ ఇలాంటి బెడదే ఉంది. అక్కడ ఉన్నదానికన్నా ఎక్కువ వాడితే ఫీజు. ఇక్కడ బ్యాంకు చెప్పినంత ఉంచకపోతే జరిమానా. 2020-21 నుంచి 2024-25 దాకా అయిదేళ్లలో ప్రభుత్వ రంగ బ్యాంకులు ఇలా వసూలు చేసింది 8,900 కోట్ల రూపాయల పైమాటేనని కేంద్రం 2025లో పార్లమెంటుకు చెప్పింది.

ఖాతా నడపడానికి ఖర్చవుతుందని బ్యాంకుల వాదన. నిజమే. కానీ మన పొదుపుకు కొద్దిపాటి వడ్డీ ఇచ్చి, అదే డబ్బును ఎక్కువ వడ్డీకి అప్పిచ్చేది కూడా బ్యాంకులే కదా! జరిమానా అంటే తప్పుకు వేసేది. నెలాఖరుకు ఖాతాలో డబ్బు మిగలకపోవడం తప్పెలా అవుతుంది? లక్షలున్నవాళ్లకు పడని జరిమానా, కుట్టు మిషను మీద నాలుగు వందలు సంపాదించి దాచుకున్న ఆమెకు పడుతోంది. నాకు కష్టమనిపించేది అదే.

మంచి మార్పూ ఉంది. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే ఈ షరతు తీసేసింది. 2025 జూన్‌లో కెనరా బ్యాంకు, జూలైలో పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు అదే బాట పట్టాయి. ప్రైవేటు బ్యాంకుల తీరు వేరు. ఐసీఐసీఐ బ్యాంకు 2025 ఆగస్టులో నగరాల్లో కొత్తగా తెరిచే ఖాతాలకు నెలసరి సగటు నిల్వ 50 వేలుండాలంది. విమర్శలు రావడంతో కొద్దిరోజుల్లోనే 15 వేలకు దిగింది. నలుగురూ గట్టిగా అడిగితే దిగొస్తారన్నమాట!

మీరు చేయాల్సినవి

* మీ ఖాతాకు మినిమమ్ బ్యాలెన్స్ ఉందా, ఎంత, అని బ్యాంకులో అడగండి. పెద్దగా నిల్వ ఉంచలేకపోతే ‘బేసిక్ సేవింగ్స్ ఖాతా’గా మార్చమని కోరండి. జన్‌ధన్ ఖాతాలూ ఈ కోవలోవే. వీటికి మినిమమ్ బ్యాలెన్స్ అక్కర్లేదు.

* ఈ జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ముందుగా మీకు తెలియజేసి, నెల గడువివ్వాలి. 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ఇది.

* పుట్టింటి ఊళ్లోనో, పాత ఉద్యోగం చోటో వదిలేసిన ఖాతా ఉంటే మూసేయండి. రెండేళ్లు వాడక ‘ఇనాపరేటివ్’ అయిన ఖాతాలకు మినిమమ్ బ్యాలెన్స్ జరిమానా వేయకూడదని 2024 ఏప్రిల్ నుంచి నియమం ఉంది.

* కంతులు కట్టే తేదీని జీతం వచ్చిన రెండు మూడు రోజులకు మార్పించుకోండి. డబ్బు లేక కంతు వెనక్కి పోతే మీ బ్యాంకూ, అప్పిచ్చిన సంస్థా రెండూ ఛార్జీ వేసే అవకాశముంది. దాని మీద జీఎస్టీ కూడా పడొచ్చు.

* మే నెలాఖరుకు ఖాతాలో కనీసం 500 రూపాయలు మిగిలేలా చూసుకోండి. ప్రమాద బీమాకు 20, జీవన జ్యోతి బీమాకు 436 రూపాయలు పోయేది అప్పుడే. ఏదో ఛార్జీ ఉన్న కాస్తా తినేస్తే ప్రీమియం కట్ కాదు. ఒక్కొక్కటి రెండు లక్షల బీమా, 20 రూపాయలు లేక పోగొట్టుకుంటారా?

అర్థంకాని ఛార్జీ కనబడితే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. పైసా ఖర్చుండదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా రాయాలో చెబుతారు. పాస్‌బుక్కు ఆయన చేతికిచ్చి ఊరుకోకుండా, నెలకోసారి ఎంట్రీ వేయించి మీరే ఒక్కో వరుసా చదవండి. ఆ ఖాతా మీ పేరు మీదుంది.